మూడు మాటలు, ఒక బకెట్టు



ఈ నెల గోడపత్రికకు ఇంగ్లీషు మీద ఏదైనా ఒక వ్యాసం రాయమని ఎడిటరు అన్నయ్య నన్ను అడిగాడు. గ్రామరు మీద రాస్తే ఎవరూ చదవరని నాకు తెలుసు. పోయిన నెల టెన్సుల మీద వేసిన వ్యాసం ముందు ఒక్కరూ నిలబడలేదు, పక్కనున్న జోకుల దగ్గర మాత్రం తోపులాట. అందుచేత మన హాస్టల్లో జరిగిన ఒక సంగతి చెప్పి, దాని మీదుగా అసలు విషయంలోకి వస్తాను. ఇందులో ఉన్న ఏడో తరగతి తమ్ముడు తన పేరు రాయొద్దన్నాడు. రాయను. మీకు తెలిసినా తెలియనట్టే చదవండి.

వానాకాలంలో మోటారు కాలిపోయి రెండు రోజులు కుళాయిల్లో నీళ్ళు రాలేదు గదా, అప్పటి మాట. అందరం గెడ్డకు పోయి స్నానాలు చేసి వచ్చాం. తమ్ముడికి బకెట్టు లేదు. వరండాలో ఎనిమిదో తరగతి అన్న బకెట్టు కనిపిస్తే పట్టుకుపోయాడు. ఆ అన్న ఊరెళ్ళి ఉన్నాడు, అడుగుదామంటే మనిషి లేడు. గెడ్డ దగ్గర రాయికి తగిలి బకెట్టు హేండిలు ఊడిపోయింది. వీడు భయపడి, ఎక్కడిది అక్కడ పెట్టేసి ఊరుకున్నాడు. మర్నాడు అన్న వచ్చి చూసుకున్నాడు, వార్డెన్ మాస్టారి దగ్గరకు కంప్లైంటు పోయింది. మాస్టారు పిలిచి, "జరిగింది జరిగినట్టు ఒక కాగితం మీద రాసి పట్టుకురా" అన్నారు.

తెలుగులో రాసి ఉంటే ఏ గొడవా లేదు. కాని వీడికి ఆ మధ్య ఇంగ్లీషు డిక్టేషన్లో మొదటి ప్రైజు వచ్చింది. ఇంగ్లీషులోనే రాసి మాస్టారి దగ్గర మెప్పు పొందాలనుకున్నాడు. అడక్కుండా తీసుకోవడాన్ని ఇంగ్లీషులో ఏటంటారని పక్క బెంచీ వాడిని అడిగితే, వాడు "స్టీల్" అన్నాడట. మన తమ్ముడు దానికి పాస్ట్ టెన్సు కూడా తప్పులేకుండా కట్టి ఇలా రాశాడు: "సర్, ఐ స్టోల్ ద బకెట్. ఐ రిగ్రెట్." కింద సంతకం, తేదీ.

వార్డెన్ మాస్టారు అది రెండుసార్లు చదివారట. "ఇది ఫైల్లో పెడితే దొంగతనం అని నీ చేత్తో నువ్వే రాసి ఇచ్చినట్టు. మీ నాన్నను పిలిపించాల్సి ఉంటుంది. ఇది నువ్వు తెలిసి రాశావా? చూసుకుని రేపు ప్రేయరు లోపల మళ్ళీ తీసుకురా" అన్నారు. నాన్న రావాలంటే కొండ దిగి రావాలి, ఒక రోజు కూలి పోతుంది. అంతకన్నా పెద్ద బాధ ఏమంటే, కొడుకు దొంగ అన్న మాట ఊళ్ళో చేరుతుంది. స్టడీ అవర్లో వాడు ఆ కాగితం పట్టుకుని నా దగ్గరకు వచ్చి ఏడుపు మొదలుపెట్టాడు. "నేను దొంగతనం చేయలేదన్నా, తీసుకున్నాను అంతే" అన్నాడు.

ఇద్దరం లైబ్రరీ డిక్షనరీ ముందు కూర్చున్నాం. మన చిన్న డిక్షనరీల్లో ఒక చిక్కుంది. ఇంగ్లీషు మాట పక్కన తెలుగు మాటలు కామాలు పెట్టి వరసగా ఇస్తారు. చూసేవాడికి అవన్నీ ఒకటే అనిపిస్తుంది. సైజు వేరు, రంగు వేరు అయిన చొక్కాలు ఒకే తాడు మీద ఆరేసినట్టు ఉంటాయి, ఏది ఎవరిదో తాడు చెప్పదు. నాకు మాత్రం "బారో" అనే మాట తట్టింది. వాడుకుని తిరిగి ఇచ్చేయడమే గదా బారో అంటే. వెంటనే "ఐ బారోడ్ ద బకెట్" అని రాయించి, ఎందుకైనా మంచిదని ఇంగ్లీషు మాస్టారికి చూపించాం.

మాస్టారు అడిగిన ప్రశ్న ఒక్కటే. "బకెట్టు గలవాడు ఇస్తానన్నాడా?"

"లేదండి."

"మరి బారో ఎలా అవుతుందిరా? మొదటి కాగితంలో మీవాడు చేయని తప్పు మీద వేసుకున్నాడు. ఈ రెండో కాగితంలో చేసిన తప్పు దాచేస్తున్నాడు. రెండూ అబద్ధాలే."

నాకు ఆ మాటతో చాలా సిగ్గేసింది. ఆ రాత్రి నుంచీ ఈ మాటల వెంట పడ్డాను. తెలుసుకున్నది మీకు చెబుతాను.

ఒక వస్తువు ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి పోయింది అనుకోండి. అంతవరకే చెబితే అది "టేక్". మంచీ లేదు, చెడూ లేదు, ఉత్త మాట. ఇచ్చేవాడి ఒప్పుదల ఉంది, తిరిగి ఇచ్చేది ఉంది అంటే "బారో". ఒప్పుదల లేదు, తనదిగా చేసుకోవాలనే దుర్బుద్ధి ఉంది అంటే "స్టీల్". మూడింటిలో చేయి చేసే పని ఒక్కటే, మనసులో ఉన్నది, ఎదుటివాడు అన్నది మాత్రమే తేడా. ఇంగ్లండులో 1968లో చేసిన దొంగతనాల చట్టంలో కూడా, వస్తువు గలవాడికి అది శాశ్వతంగా దక్కకుండా చేయాలనే ఉద్దేశం ఉంటేనే దొంగతనం అని రాసుకున్నారు. మన దేశపు చట్టం అంత దూరం పోదు. అక్కడ శాశ్వతంగా అన్న మాట లేదు, దుర్బుద్ధితో, ఒప్పుదల లేకుండా కదిపితే చాలు. బకెట్టు వ్యవహారంలో దుర్బుద్ధి లేదు కాబట్టి మనవాడు రెండు దేశాల్లోనూ బతికిపోయాడు.

ఈ బారో దగ్గర మనవాళ్ళు ఇంకో తప్పు చేస్తారు. "బారో మీ యువర్ పెన్" అంటారు. బారో అంటే పుచ్చుకోవడం, ఇవ్వడాన్ని "లెండ్" అనాలి. తెలుగులో "అప్పు" అనే ఒక్క మాట రెండు పక్కలా తిరుగుతుంది గదా, అప్పు తీసుకున్నాడు, అప్పు ఇచ్చాడు అంటాం, అందుకే ఈ పొరపాటు. అలాగని తెలుగులో తేడాలు లేవనుకోకండి. అప్పు వేరు, చేబదులు వేరు, ఎరువు వేరు. చేబదులుకు కాగితం ఉండదు, వడ్డీ ఉండదు. ఎరువు తెచ్చుకున్న గిన్నె అయితే ఆ గిన్నే తిరిగి ఇవ్వాలి, అప్పు తెచ్చిన బియ్యం అయితే ఆ గింజలే ఇవ్వక్కర్లేదు, అన్ని బియ్యం ఇస్తే చాలు. ఇంగ్లీషువాడు ఈ మూడింటికీ బారో అనే ఊరుకుంటాడు. కాబట్టి ఇంగ్లీషే గొప్ప, దానిలోనే మాటలెక్కువ అని బెంగ పెట్టుకోనక్కర్లేదు. ఒక్కో భాష ఒక్కో చోట సన్నంగా వడకడుతుంది.

స్టీల్ పక్కన "రాబ్" ఉంది. ఇద్దరూ దొంగలే గాని వాక్యంలో కూర్చునే చోటు వేరు. స్టీల్ తరవాత పోయిన వస్తువు పేరు రావాలి, రాబ్ తరవాత పోగొట్టుకున్న మనిషి పేరో బ్యాంకు పేరో రావాలి. "హీ స్టోల్ మై పెన్" సరి. "హీ రాబ్డ్ మై పెన్" అంటే పెన్ను దగ్గర డబ్బులుంటే లాక్కున్నాడని అర్థం వస్తుంది. పైగా రాబ్ అన్నప్పుడు బెదిరింపో దెబ్బో ఉంటుంది. మన దేశంలో 1860 నాటి శిక్షాస్మృతి ఈ మాటలను చాలా పట్టింపుగా విడదీసింది. గుట్టుగా తీస్తే థెఫ్టు, భయపెట్టి ఇప్పించుకుంటే ఎక్స్‌టార్షన్, కొట్టో కొడతానని బెదిరించో లాక్కుంటే రాబరీ, అదే పని అయిదుగురు గాని అంతకన్నా ఎక్కువమంది గాని కలిసి చేస్తే డెకాయిటీ. నలుగురైతే ఒక పేరు, ఇంకొకడు కలిస్తే ఇంకో పేరు! ఆ డెకాయిటీ అనే మాట మన డకాయిత్ నుంచే ఇంగ్లీషులోకి పోయింది. 2024 జూలై 1 నుంచి ఆ పాత చట్టం స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులో ఈ తేడాలన్నీ ఉంచి, "స్నాచింగ్" అని ఇంకొకటి విడిగా చేర్చారు. మెడలో గొలుసు చటుక్కున తెంపుకుపోవడం లాంటిది.

ఇదంతా చదువుతుంటే నాకు మా తాత గుర్తొచ్చాడు. తాత కొండ మీద నుంచి చింతపండు, అడ్డాకులు, చీపురు పుల్లలు తెస్తాడు. ఎప్పటినుంచో తెస్తున్నాడు. ఆ పనిని ఇంగ్లీషులో ఏమని రాయాలి? టేక్ అనా, కలెక్ట్ అనా, స్టీల్ అనా? నవ్వకండి, ఇది పరీక్ష ప్రశ్న కాదు. ఎవరు రాస్తే వాళ్ళ మాట పడుతుంది, ఆ మాటను బట్టి తాత కూలివాడా, హక్కుదారుడా, నేరస్థుడా అనేది తేలుతుంది.

ముందు "ఫారెస్ట్" అనే మాట చూడండి. మనం దాన్ని చెట్లు గుబురుగా ఉన్న చోటు అనుకుంటాం. "వుడ్" అన్నా "జంగిల్" అన్నా అదే అనుకుంటాం. కాని ఇంగ్లండులో పాతకాలంలో ఫారెస్ట్ అంటే చెట్ల పేరు కాదు, చట్టం పేరు. రాజు వేటాడుకోవడానికి కేటాయించుకున్న నేల అన్నమాట. అందులో ఊళ్ళు, పొలాలు, బోడి నేలలు కూడా ఉండేవి. అక్కడ జింకను కొట్టినా కట్టెలు కొట్టినా మామూలు చట్టం కాదు, వేరే అటవీ చట్టం వర్తించేది. ఫ్రాన్సు నుంచి వచ్చి గెలిచిన విలియం రాజు పదకొండో శతాబ్దంలో అలా ఏర్పరచిన దాన్ని ఇప్పటికీ న్యూ ఫారెస్ట్ అనే అంటున్నారు, తొమ్మిది వందల ఏళ్ళు దాటినా "కొత్తది" అనే పేరు పోలేదు. అక్కడి జనం కూడా గొడవ పడగా పడగా 1217లో అడవి మీద వాళ్ళకు కొన్ని హక్కులు ఒప్పుకుంటూ ఒక పత్రం ఇచ్చారు. కాబట్టి ఈ తగాదా మన కొండలకే కొత్తగా పుట్టింది కాదు. జంగిల్ మాత్రం మన దేశపు మాట. దాని మూలమైన సంస్కృతం మాట జాంగలానికి అసలు అర్థం చెట్లు తక్కువగా ఉన్న ఎండునేల! ఇంగ్లీషులోకి పోయాక అది తీగలు పెనవేసుకున్న చీకటి అడవి అయి కూర్చుంది. వుడ్ అంటే చిన్నపాటి అడవి, ఊరి పక్కనున్న తోపు లాంటిది.

ఇంతకన్నా ముఖ్యమైన జంట ఇంకొకటి ఉంది. "రిజర్వ్‌డ్", "ప్రొటెక్టెడ్". డిక్షనరీలో చూస్తే రెండూ కాపాడటం, వేరుగా ఉంచడం లాగే కనిపిస్తాయి. 1927 నాటి భారత అటవీ చట్టంలో ఆ రెండింటికీ ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా ఉంది. స్థూలంగా చెప్పాలంటే రిజర్వ్‌డ్ అడవిలో ఫలానాది చేయొచ్చు అని చెబితే తప్ప ఏదీ చేయకూడదు. ప్రొటెక్టెడ్ అడవిలో ఫలానాది చేయకూడదు అని చెబితే తప్ప మిగతావి చేయొచ్చు. ఒక్క మాట మారితే ఊరి మేకలు మేసే చోటు మారిపోతుంది.

2006లో వచ్చిన చట్టం సంగతి మీలో చాలామంది ఇళ్ళలో విన్నదే. దాని తెలుగు పేరులో కూడా అటవీ హక్కుల "గుర్తింపు" అని ఉంటుంది. ఇంగ్లీషులో "రికగ్నిషన్". "గ్రాంట్" అనలేదు, "గివ్" అనలేదు. గ్రాంట్ అంటే లేనిదాన్ని పైవాడు దయచేసి ఇవ్వడం. రికగ్నైజ్ అంటే ఉన్నదాన్ని ఉన్నట్టు ఒప్పుకోవడం. తప్పిపోయిన పిల్లవాడిని చూసి తల్లి గుర్తుపట్టింది అంటాం గాని, తల్లి పిల్లవాడిని మంజూరు చేసింది అనం గదా. తరతరాలుగా అడవిలో ఉన్నవాళ్ళ హక్కులు కాగితం మీదికి ఎక్కలేదని ఆ చట్టమే మొదట్లో ఒప్పుకుంటుంది. చిన్న తరహా అటవీ ఫలసాయాన్ని ఏరుకోవడానికి, వాడుకోవడానికి, అమ్ముకోవడానికి హక్కు ఉందని చెప్పింది, వెదురును కూడా అందులో చేర్చింది. ఏరుకోవడానికి వాళ్ళు రాసిన మాట "కలెక్ట్". కనక మా తాత చేసేది కలెక్ట్. ఈ మాట తాతకు సవరలో చెప్పాను. "అయితే ఇప్పటిదాకా నేను చేసిందేటి?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేకపోయింది.

సరే, కాగితంలో రెండో వాక్యం దగ్గరకు వద్దాం. "ఐ రిగ్రెట్." తమ్ముడికి ఈ మాట ఎక్కడ దొరికిందో తెలుసా, రైల్వే స్టేషన్లో. రైలు ఆలస్యమైనప్పుడు మైకులో అసౌకర్యానికి చింతిస్తున్నాము అంటారు, ఇంగ్లీషులో రిగ్రెట్ అంటారు. బాగా గమనించండి. చింతిస్తున్నామంటారే గాని క్షమించండి అనరు. రిగ్రెట్ అంటే ఇలా జరిగినందుకు బాధగా ఉంది అని. తప్పు నాది అని అందులో లేదు, వాన పడినందుకు కూడా రిగ్రెట్ కావచ్చు. "అపాలజైజ్" అంటే తప్పు నాది, క్షమించండి అని ఒప్పుకోవడం. "సారీ" మధ్యలో ఉండి రెండు పనులూ చేస్తుంది, ఎవరి నాన్నైనా పోతే సారీ అంటాం, కాలు తొక్కినా సారీ అంటాం. "ఎక్స్‌క్యూజ్ మీ" కాలు తొక్కక ముందు అనే మాట. తొక్కాక అంటే దెబ్బలు పడతాయి.

ఇన్ని మాటలు ఇంగ్లీషులో ఎందుకు పోగుపడ్డాయి అని మీకు సందేహం రావచ్చు. ఇందాక చెప్పిన విలియం 1066లో ఇంగ్లండును గెలిచాడు. అతని మనుషులు మాట్లాడేది ఫ్రెంచి. కొలువులో, కోర్టులో, పెద్దింటి భోజనాల దగ్గర ఫ్రెంచి, పొలంలో, పశువులశాలలో ఇంగ్లీషు. మేపేవాడు ఇంగ్లీషువాడు కాబట్టి గొర్రె బతికున్నంత కాలం "షీప్", తినేవాడు ఫ్రెంచివాడు కాబట్టి పళ్ళెంలో పడ్డాక "మటన్". పంది కూడా అంతే, దొడ్లో "పిగ్", కూరలో "పోర్క్". (మన దగ్గర మటన్ అంటే మేక అయిపోయింది, అది వేరే కథ.) 1362లో గాని కోర్టుల్లో వాదన ఇంగ్లీషులో జరగాలని చట్టం చేయలేదు. దానికి తోడు చదువుకున్నవాళ్ళు లాటిన్ నుంచి మాటలు తెచ్చుకుంటూ పోయారు. అందుకే ఒక్క అడగడానికే మూడు మెట్లు. స్నేహితుణ్ణి "ఆస్క్" చేస్తాం, పోలీసు "క్వశ్చన్" చేస్తాడు, గదిలో కూర్చోబెట్టి గుచ్చి గుచ్చి అడిగితే "ఇంటరాగేట్". మొదటిది ఇంగ్లీషు, రెండోది ఫ్రెంచి దారిన వచ్చింది, మూడోది లాటిన్. తెలుగులో సంస్కృతం మాటలు వచ్చి కూర్చున్నట్టే. మనకు ఇల్లు ఉంది, గృహం ఉంది. గృహప్రవేశం అంటాం, ఇల్లుప్రవేశం అనం. "అమ్మా, గృహానికి వస్తున్నాను" అని ఉత్తరం రాస్తే అమ్మ కంగారు పడుతుంది. ఎంత పెద్ద మాట వాడితే అంత మంచి ఇంగ్లీషు అనుకునేవాళ్ళు మన క్లాసులో ఉన్నారు, ఇది వాళ్ళ కోసమే రాస్తున్నాను.

లండన్లో రోజే అని ఒక డాక్టరు ఉండేవాడు. ఇంచుమించు ఒకే అర్థం గల మాటలను పోగు చేసి, వెయ్యి తలకట్ల కింద సర్ది, 1852లో "థిసారస్" అని పుస్తకం వేశాడు. ఇప్పటికీ అది అచ్చవుతూనే ఉంది. గొప్ప పనే గాని మనలాంటి వాళ్ళకు అది కొంచెం ప్రమాదం. చుట్టాలందరినీ ఒక పందిట్లో కూర్చోబెట్టాడు, ఎవరు ఎవరికి ఏమవుతారో చెప్పలేదు. తెలిసినవాడు మరిచిపోయిన మాటను గుర్తు తెచ్చుకోవడానికి అది పనికొస్తుంది. తెలియనివాడు అందులోంచి ఒక మాట ఏరుకుని వాడితే నాలాగే అవుతుంది.

నాలాగే అన్నాను గదా, చెప్పుకోక తప్పదు. రెండేళ్ళ కిందట ఆగస్టు 15న నేను ఇంగ్లీషు ఉపన్యాసం ఇచ్చాను. అల్లూరి సీతారామరాజు గారిని "ఫేమస్" అంటే అందరూ వాడే మాట అయిపోతుందని, పెద్ద మాట వెదికి "నొటోరియస్ లీడర్" అన్నాను. తెలుగులో పేరుమోసిన డాక్టరు అంటాం, పేరుమోసిన దొంగ అనీ అంటాం. నొటోరియస్ మాత్రం చెడ్డపేరుకే. స్టేజీ మీద మాస్టార్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు, మీరందరూ చప్పట్లు కొట్టారు. తరవాత ఇంగ్లీషు మాస్టారు నన్ను తిట్టలేదు. "1922 నుంచి 1924 దాకా తెల్లదొర కూడా ఆయన్ని నీలాగే అనుకుని ఉంటాడులే" అన్నారు. నిజమే గదా. అప్పటి సర్కారు కాగితాల్లో మన్యంలో జరిగినదాన్ని "ఫితూరీ" అని రాశారు. మనం పోరాటం అంటాం. 1857 సంగతి కూడా అంతే. వాళ్ళు "మ్యూటినీ" అన్నారు. అది పై అధికారి మాట సిపాయిలు వినకపోవడానికి పెట్టిన పేరు. రైతులు, జమీందారులు, ఊళ్ళకు ఊళ్ళు కలిసినప్పుడు ఆ మాట చాలదు. అందుకే "రివోల్ట్" అన్నవాళ్ళు ఉన్నారు, స్వాతంత్ర్య యుద్ధం అన్నవాళ్ళు ఉన్నారు. ఏ మాట వాడాడో చూస్తే మనిషి ఏ గట్టున నిలబడి మాట్లాడుతున్నాడో తెలిసిపోతుంది. ఆ ఫితూరీయే మన హాస్టల్లో పితూరీ. వార్డెన్ మాస్టారికి పితూరీలు చెప్పేవాళ్ళెవరో మీకు తెలుసు.

ఆసుపత్రికి పోయినప్పుడు పనికొచ్చే ముక్క ఒకటి చెప్పేస్తాను. తెలుగు అంతగా రాని డాక్టరు ఉంటే మనం అన్నిటికీ "పెయిన్" అంటాం. సన్నగా, ఆగకుండా లాగేది "ఏక్". తల, పన్ను, కడుపు, చెవి, వీపు ఏక్ అవుతాయి. గుండెల్లో పోటుకు "చెస్ట్ పెయిన్" అనాలి. పుండు పడి ముట్టుకుంటే మండేది "సోర్". "సిక్" అంటే ఒంట్లో బాగాలేదని మనం వాడతాం, తప్పు కాదు, కాని ఇంగ్లండువాడు "ఐ వాజ్ సిక్" అంటే వాంతి అయిందని కూడా అర్థం. మన దగ్గర నొప్పి, పోటు, సలుపు, మంట, తీపు, గుంజుడు ఇన్ని ఉన్నాయి. ముందు అది వీటిలో ఏదో మనం తేల్చుకుంటే ఇంగ్లీషు మాట సులభంగా దొరుకుతుంది. తెలుగులోనే తేల్చుకోకుండా ఇంగ్లీషులో వెదికితే దొరకదు.

మరి తేడా తెలుసుకునేది ఎలాగ? నేను చేసేది చెబుతాను. ఆ మాట పక్కన ఏ మాటలు తిరుగుతున్నాయో చూస్తాను. "స్ట్రాంగ్ టీ" అంటారు, "పవర్‌ఫుల్ టీ" అనరు. "హెవీ రెయిన్" అంటారు, "బిగ్ రెయిన్" అనరు. ఎందుకు అంటే కారణం లేదు, వాడుక. మనం చిక్కటి టీ అంటాం, దట్టమైన టీ అనం, దానికీ కారణం లేదు. లైబ్రరీలో ఆక్స్‌ఫర్డు వాళ్ళ పెద్ద లెర్నర్స్ డిక్షనరీ ఉంది, హార్న్‌బీ అనే మాస్టారు పరాయి దేశాల విద్యార్థుల కోసం మొదలుపెట్టింది. అందులో ప్రతి మాటకూ వాక్యాలు ఉంటాయి. అర్థం వదిలేసి వాక్యాలు చదవండి. ఇంకోటి, ఆ మాటను నా మీదే ఎవరైనా అంటే ఎలా ఉంటుందో అనుకుంటాను. "స్లిమ్" అంటే సంతోషం, "థిన్" అంటే ఏమీ లేదు, "స్కిన్నీ" అంటే కోపం వస్తుంది. పొదుపరి అంటే ఒకటి, పిసినారి అంటే ఒకటి. డబ్బు దాచుకోవడం ఇద్దరిలోనూ ఉన్నదే.

గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకున్నది కూడా ఇలాగే, పుస్తకం చూసి కాదు, అప్పటికి పుస్తకమే లేదు. మన పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని, వాళ్ళు ఏ మాట ఎప్పుడు అంటున్నారో విని రాసుకున్నారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వచ్చాయి. అంటే మన మాటకూ ఇంగ్లీషు మాటకూ మధ్య తెలుగు లేకుండానే ఒక దారి అప్పుడే వేసి ఉంది. ఇంట్లో సవర మాట్లాడే మనం ఆ దారిన ఒకసారి నడిచి చూడొచ్చు.

చివరికి తమ్ముడి కాగితం ఏమైందో చెప్పాలి. తెల్లవారుజామున లేచి వాడే రాసుకున్నాడు, నేను వేలు పెట్టలేదు. "సర్, ఐ టుక్ అన్నాస్ బకెట్ వితౌట్ ఆస్కింగ్. ద హేండిల్ బ్రోక్. ఐ డిడ్ నాట్ టెల్ హిమ్. దట్ ఈజ్ మై ఫాల్ట్. ఐ యామ్ సారీ. ఐ విల్ మెండ్ ఇట్." అంటే, అన్న బకెట్టు అడక్కుండా తీసుకున్నాను, హేండిలు ఊడింది, చెప్పలేదు, తప్పు నాదే, క్షమించండి, బాగుచేసి ఇస్తాను అని. వార్డెన్ మాస్టారు చదివి, మొదటి కాగితం వాడి చేతికే ఇచ్చి చింపేయమన్నారు. నాన్నకు కబురు పోలేదు.

ఇంగ్లీషు మాస్టారు మాత్రం ఆ చివరి మాట దగ్గర ఆగారు. "మెండ్" అంటే బట్ట కుట్టడం, చెప్పు కుట్టడం, వల బాగుచేయడం లాంటివి. "రిపేర్" అంటే మోటారు, గోడ, రోడ్డు. "ఫిక్స్" అంటే స్నేహితులతో మాట్లాడేటప్పుడు దేనికైనా. మనవాడు బకెట్టుకు రెండు చిల్లులు పొడిచి ఇనప తీగ కట్టి అన్నకు ఇచ్చాడు. ఇప్పుడు అది నీళ్ళు మోస్తోంది గాని చేతికి కోసుకుంటోంది. ఈ పనిని ఏ మాటతో అనాలో మీకు తోస్తే చీటీ మీద రాసి, మీ పేరు, తరగతి వేసి, వచ్చే శనివారం లోపల ఎడిటరు అన్నయ్య పెట్టెలో వేయండి.